లేజర్ తర్వాత వేసే కంటి చుక్కలకు ఆపే తేదీ ఉండాలి

షుగరు వల్ల కంటి వెనక పొర అయిన రెటీనా దెబ్బతిని లేజర్ చేయించుకున్న మా పెదనాన్న ఇంట్లో, ఫ్రిజ్ తలుపు అరలో నిరుడు ఒక చిన్న సీసా చూశాను. ఐదు మిల్లీలీటర్ల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కల మందు. డాక్టరు రాసింది వారం రోజులకు, ఆయన వాడుతున్నది నాలుగో నెల. సీసా అయిపోయినప్పుడల్లా పాత అట్టపెట్టె చూపిస్తే మందుల షాపువాళ్లు ఇంకొకటి ఇచ్చేవారు. అంతకన్నా కలవరపెట్టిన విషయం వేరే ఉంది. లేజర్ మూడో సిట్టింగుకు ఆయన వెళ్లనే లేదు. ఎందుకని అడిగితే, ‘చుక్కలు వేసుకుంటూనే ఉన్నాను కదరా’ అన్నారు.

లేజర్ అయిపోయిందని, ఇక మిగిలిన చికిత్స చుక్కలదేనని ఆయన నమ్మారు. నిజానికి జబ్బుమీద పని చేసేది లేజరే. మధుమేహం ముదిరిన కంట్లో రెటీనా అంచుల్లోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని ఆ భాగం వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో పుట్టుకొచ్చే కొత్త నాళాలు పెళుసుగా ఉండి, చిట్లి, కంటి లోపల రక్తస్రావానికి, చివరకు రెటీనా ఊడిపోవడానికి కారణమవుతాయి. ఆ అంచు ప్రాంతాన్ని లేజర్‌తో వెయ్యికి పైగా చిన్నచిన్న మచ్చలుగా కాలిస్తే ఆక్సిజన్ అవసరం, దాంతో వీఈజీఎఫ్ తగ్గి, కొత్త నాళాలు ముడుచుకుపోతాయి. అమెరికాలో 1,700 మందికి పైగా రోగులతో నడిచిన డయాబెటిక్ రెటినోపతి స్టడీ 1976లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఈ చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగమో అంతకన్నా ఎక్కువో తగ్గిస్తుంది. ఒకేసారి అంతా కాలిస్తే రెటీనా నడిమి భాగమైన మాక్యులా వాచే ప్రమాదం ఉంది కాబట్టి చాలాసార్లు పనిని రెండు మూడు సిట్టింగులకు పంచుతారు. మధ్యలో మానేస్తే చికిత్స సగంలో ఆగినట్టే.

మరి చుక్కలెందుకు? కాల్చిన చోట వేడికి కణజాలం వాస్తుంది, ఆ కాక కంటి ముందు భాగానికీ తగులుతుంది. రెండు మూడు రోజులు ఎరుపు, సలుపు, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. ఆ బాధ తగ్గించడానికి కొందరు వైద్యులు స్టెరాయిడ్ చుక్కలు, మరికొందరు నెపాఫెనాక్, కీటోరొలాక్ వంటి స్టెరాయిడ్ కాని చుక్కలు కొద్ది రోజులకు రాస్తారు. ఇంతవరకు అభ్యంతరం లేదు. మాక్యులా దగ్గర పరిమితంగా చేసే లేజర్‌కు ఈ మాత్రం అవసరం కూడా అరుదు.

చుక్కలను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. షుగరు వల్ల వచ్చే ఈ రెటీనా జబ్బులో (రెటినోపతిలో) వాపుకు పాత్ర ఉందని, కంటి లోపలికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో మాక్యులా వాపు తగ్గుతుందని వారంటారు. అది నిజమే. అయితే ఇంజెక్షన్ చేరే చోటికి చుక్క చేరదు. సీసా నుంచి రాలే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. కనురెప్పల మధ్య పట్టేది సుమారు 30. మిగిలింది చెంప మీదికో, కన్నీటి గొట్టం గుండా ముక్కులోకో పోతుంది. రెండేసి చుక్కలు వేసుకునేవారు మందును బుగ్గకు రాసుకుంటున్నట్టే. కంటి ముందు భాగంలోకే అయిదు శాతంలోపు మందు చేరుతుందంటే, వెనకనున్న రెటీనాకు ఎంత మిగులుతుందో ఊహించవచ్చు. లేజర్ తర్వాత స్టెరాయిడ్ కాని చుక్కలు వాడినవారిలో మాక్యులా మందం కాస్త తక్కువగా పెరిగిందని చూపిన అధ్యయనాలు ఉన్నాయి, కానీ అవి చిన్నవి, కొద్ది కాలానివి. షుగరు కంటి జబ్బులపై పరిశోధించే అమెరికాలోని డీఆర్‌సీఆర్ నెట్‌వర్క్ 125 మందిపై ఏడాదిపాటు నెపాఫెనాక్‌ను పరీక్షించి, మాక్యులా నడిబొడ్డుకు చేరని వాపు విషయంలో మందు లేని ఉత్తుత్తి చుక్కలకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2015లో ప్రకటించింది. ఆ రోగులు లేజర్ చేయించుకుని వచ్చినవారు కారు, నిజమే; అయినా చుక్క రెటీనా దాకా వెళ్లి జబ్బును అదుపు చేస్తుందన్న ఆశకు అది గట్టి దెబ్బ.

నా అనుమానం, ఈ గందరగోళం శుక్లం ఆపరేషన్ నుంచి వచ్చింది. అక్కడ చుక్కలు నిజంగా ముఖ్యం: మొదటి వారం ఆరుసార్లు, తర్వాత అయిదు, నాలుగు అంటూ నెలకు పైగా తగ్గించుకుంటూ పోయే పట్టిక ఇస్తారు. మధుమేహులకు శుక్లం తీశాక మాక్యులా వాపు రాకుండా నెపాఫెనాక్ వాడటానికి ఐరోపాలో అనుమతి కూడా ఉంది. మన ఇళ్లలో లేజర్‌నూ ‘కంటి ఆపరేషన్’ అనే అంటారు. అక్కచెల్లెళ్లకో ఇరుగుపొరుగుకో రాసిన పట్టిక జ్ఞాపకం ఉంటుంది. దాన్నే ఇక్కడా పాటిస్తారు.

దీర్ఘకాలం వాడితే నష్టం మాటల్లో పోయేది కాదు. స్టెరాయిడ్ చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు వేస్తే సుమారు మూడో వంతు మందిలో కంటి ఒత్తిడి ఓ మోస్తరుగా, అయిదు శాతం మందిలో బాగా ఎక్కువగా పెరుగుతుందని 1960ల నుంచే తెలుసు. మధుమేహులకు ఆ ముప్పు మరింత. ఒత్తిడి పెరిగితే నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీటికాసులు (గ్లాకోమా) చప్పుడు లేకుండా దిగుతుంది. స్టెరాయిడ్ కాని చుక్కలు క్షేమమని అనుకోవడానికీ వీల్లేదు. నల్లగుడ్డు మీది పొరను కరిగించిన సందర్భాలు బయటపడటంతో 1999లో అమెరికాలో ఒక జెనరిక్ డైక్లోఫినాక్ చుక్కల మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. షుగరు వల్ల ఆ పొరకు స్పర్శ ముందే తగ్గి ఉంటుంది, లేజర్ మరికొంత తగ్గించగలదు. అలాంటి కంట్లో పుండు పడినా రోగికి ఆలస్యంగా తెలుస్తుంది.

కనుక మందుల చీటీ మీద ‘రోజుకు నాలుగుసార్లు’ అని రాయడం చాలదు. ఏ తేదీన ఆపాలో, తర్వాతి సిట్టింగు ఎప్పుడో అదే వరుసలో, తెలుగులో రాయాలి. స్టెరాయిడ్ చుక్కలను చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన మందుల షాపులకు తెలియనిది కాదు, పాత అట్టపెట్టె చీటీ కిందికి రాదు. పెదనాన్నను మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ముందుగా చూసింది కంటి ఒత్తిడే. మామూలు కంటే ఎక్కువే ఉంది. చుక్కలు మాన్పించి, ఒత్తిడి దిగేదాకా వేరే మందు ఇచ్చి, ఆగిపోయిన లేజర్‌ను రెండు వారాల తర్వాత పూర్తి చేశారు. ఈసారి చీటీ మీద ఆపే తేదీ కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలున్నాయి. ఫ్రిజ్‌లోని సీసాను మా పెద్దమ్మ చెత్తబుట్టలో పడేసింది.