చీకటికి పాచిక ఒక్కటే చాలదు

మంత్రంతో సృష్టించిన దట్టమైన పొగమంచులో ఇద్దరు యోధులు తలపడ్డారనుకుందాం. ఒకరికొకరు కనిపించరు. అయినా వారి కత్తి తగిలే అవకాశం పట్టపగలు మైదానంలో ఎంత ఉంటుందో, ఆ పొగమంచులోనూ సరిగ్గా అంతే ఉంటుంది. ఇది నేను అల్లిన హాస్యం కాదు. ప్రపంచంలో అత్యధికులు ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదో ఎడిషన్ నియమాలను అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే తేలే లెక్క.

ఈ ఎడిషన్ 2014లో వచ్చింది. దాడి చేసే ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. పరిస్థితి అనుకూలిస్తే రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటాడు. దాని పేరు అడ్వాంటేజ్. అనుకూలించకపోతే రెండుసార్లు వేసి చిన్న అంకెతో సరిపెట్టుకోవాలి. అది డిసడ్వాంటేజ్. పదకొండు, ఆపైన పడితే దెబ్బ తగులుతుందనుకుంటే, మామూలుగా 50 శాతం ఉన్న అవకాశం అడ్వాంటేజ్‌తో 75కు పెరుగుతుంది, డిసడ్వాంటేజ్‌తో 25కు పడిపోతుంది. కనిపించని శత్రువును కొట్టబోతే డిసడ్వాంటేజ్. మీరు శత్రువుకు కనిపించకపోతే అడ్వాంటేజ్. రెండూ ఒకేసారి వస్తే చెల్లుకు చెల్లు. పైగా ఇక్కడ సంఖ్యతో పని లేదు. డిసడ్వాంటేజ్‌లు మూడున్నా, ఒక్క అడ్వాంటేజ్ వాటన్నిటినీ తుడిచేస్తుంది.

దీని విపరీతం విలుకాడి దగ్గర బయటపడుతుంది. పెద్ద విల్లుకు 150 అడుగులు దాటితే దూరం వల్ల డిసడ్వాంటేజ్ వస్తుంది. కాబట్టి పగటి వెలుగులో 500 అడుగుల దూరంలోని శత్రువును కొట్టడం కష్టం. కటిక చీకటి పడి ఇద్దరూ ఒకరికొకరు కనిపించకుండా పోతే, శత్రువున్న చోటు తెలిసినంత వరకు, ఆ అడ్వాంటేజ్ మిగతావాటిని తుడిచేసి, అదే బాణానికి మామూలుగా ఒక్కసారి పాచిక వేస్తే సరిపోతుంది. అంటే దీపం ఆర్పేస్తే గురి మెరుగుపడుతుంది!

తొలి ముద్రణలో మరో తమాషా జరిగింది. చీకటి లాంటి చోట ‘ఉన్న’ జీవి చూపు కోల్పోయినదానితో సమానం అని రాశారు. ఆ మాట ప్రకారం చీకట్లో పొంచి ఉన్న దొంగకు, ఎదురుగా నెగడు దగ్గర చలి కాచుకుంటున్న కాపలావాడు కనిపించకూడదు. తర్వాతి సవరణలో, అలాంటి చోట ఉన్నదాన్ని ‘చూడబోయినప్పుడు’ అని దిద్దారు. కంటికి వెలుగు ఎక్కడ కావాలి, కన్నున్న చోటా, చూసే వస్తువున్న చోటా అన్న చిన్న ప్రశ్న దగ్గర అంత పెద్ద పుస్తకం తడబడింది.

తప్పు లెక్కలో కన్నా ఆలోచనలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. చీకటి అంటే గురి తప్పడం మాత్రమే అనుకుని, దాన్ని పాచిక మీది శిక్షగా మార్చారు. చీకటి మొదట లాక్కునేది సమాచారాన్ని. ఎదుట ఎందరున్నారు, ఎక్కడున్నారు, మనవాళ్లా పరాయివాళ్లా అన్నది తెలియనివ్వదు. దశరథుడి కథే చూడండి. చప్పుడును బట్టి బాణం వేయగల శబ్దవేధి ఆయన. సరయూ తీరంలో రాత్రివేళ కుండ మునుగుతున్న శబ్దం విని ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. బాణం గురి తప్పలేదు. తగిలింది మాత్రం చూపులేని తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న ముని కుమారుడికి. అయిదో ఎడిషన్‌లో ఈ కథ జరగదు, ఎందుకంటే అక్కడ పాచిక చెప్పేది తగిలిందా లేదా అన్నదొక్కటే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ విషయంలో కొంత నయం. పూర్తిగా కనిపించని శత్రువు మీద దెబ్బకు 50 శాతం తప్పిపోయే అవకాశాన్ని విడిగా లెక్కగట్టేది. ఇలాంటిదే మరో ఆట ‘పాత్‌ఫైండర్’ 2019 నాటి రెండో ఎడిషన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. శత్రువు కనిపించడం ఒక మెట్టు. కనిపించకపోయినా మ్యాప్ మీద ఏ గడిలో ఉన్నాడో తెలియడం రెండోది. ఉన్నాడని తెలిసీ గడి తెలియకపోవడం మూడోది. అసలు ఉన్నాడన్న సంగతే తెలియకపోవడం నాలుగోది. రెండో మెట్టులో దాడి పాచికకు తోడు విడిగా మరో పాచిక వేసి పదకొండో, ఆపైనో తేవాలి. మూడో మెట్టులో గడిని ఊహించి చెప్పాలి. గుర్తు పెట్టుకోవడం కష్టమని సణిగే ఆటగాళ్లున్నారు, నిజమే. అయినా ఈ నియమం అడిగేది సరైన ప్రశ్న: నీకు ఏం తెలుసు?

ఇక చీకట్లో చూడగల చూపు సంగతి. ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 పుస్తకంలో ఆటగాళ్లు ఎంచుకోగల తొమ్మిది జాతుల్లో ఆరింటికి ఆ చూపు, అంటే డార్క్‌విజన్ ఉంది. 2024 సవరణలో పది జాతులకు ఏడు. మనుషులు, పొట్టివాళ్లయిన హాఫ్లింగ్‌లు, భారీకాయులైన గోలియత్‌లు తప్ప అందరూ చీకట్లో చూస్తారు. చీకట్లో వారికి కనిపించేది మసకగానే, రంగుల్లేకుండానే అని, అందువల్ల పొంచి ఉన్నవాటిని పసిగట్టడం కష్టమని నియమం చెబుతుంది గానీ, ఆట వేడెక్కాక అది ఎందరికి గుర్తుంటుంది? బృందంలో ఒక్క మనిషి ఉంటే అతని కోసం ఎవరో ఒకరు వెలుగు మంత్రం వేస్తారు. కాగడాలు సంచిలోనే బూజు పడతాయి. డన్జన్స్ అని నేలమాళిగల పేరు పెట్టుకున్న ఆటలో చీకటి భయం లేకుండా పోవడం విచిత్రమే.

అందుకే 2023లో వచ్చిన ‘షాడోడార్క్’ అనే ఆట నాకు నచ్చింది. ఆటగాళ్ల పాత్రల్లో ఎవరికీ చీకట్లో చూపు ఉండదు. కాగడా గంటసేపు వెలుగుతుంది, అదీ కథలోని గంట కాదు, గోడ గడియారంలోని గంట. తలుపు తెరవాలా వద్దా అని ఇరవై నిమిషాలు వాదించుకుంటే ఇరవై నిమిషాల వెలుగు ఖర్చయినట్టే. 2015 నాటి ‘టెన్ క్యాండిల్స్’ మరీ సాహసం చేసింది. చీకటి గదిలో పది కొవ్వొత్తుల వెలుగులో ఆడాలి. ఒక్కొక్కటీ ఆరే కొద్దీ చేతిలో పాచికలు తగ్గిపోతాయి. చివరిది ఆరాక పాత్రలెవరూ మిగలరు.

చాలా నియమావళులు చీకటిని, అంధత్వాన్ని ఒకే గాటన కట్టేస్తాయి. మంత్రం తగిలి క్షణం క్రితం చూపు పోయినవాడికీ, పుట్టుకతో చూపులేని యోధురాలికీ ఒకే శిక్ష. అలాంటి పాత్రను ఎవరైనా ముచ్చటపడి ఎంచుకుంటే ప్రతి దాడిలోనూ డిసడ్వాంటేజ్ మోయాలి. అయిదో ఎడిషన్‌కు 2020లో వచ్చిన అనుబంధ పుస్తకం పది అడుగుల లోపు చూపుతో పని లేకుండా పోరాడే నైపుణ్యాన్ని చేర్చింది. మంచిదే, కానీ అది కూడా చూపుకు ప్రత్యామ్నాయంగా మరో చూపును ఇవ్వడమే. చూపులేనివారికి నిజంగా ఉండేది అలవాటు: చేతికర్ర చెప్పే నేల తీరు, గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని, గదిలో ఏది ఎక్కడుందో ఉన్న జ్ఞాపకం. దీపం ఆరిన చీకట్లోనూ అన్నం ముద్ద తడబడకుండా నోటికి చేరడం గమనించి అర్జునుడు రాత్రివేళ విలువిద్య సాధన మొదలుపెట్టాడంటారు. ఆ సాధనకు నియమాల్లో చోటుండాలి. దీపం ఆరగానే మిగతావారంతా తడబడుతుంటే, చూపులేని యోధురాలికి ఏమీ మారకూడదు.

మా బల్ల దగ్గర పద్ధతి సులువు. కాగడా ఆరగానే, ఆట నడిపే నేను మ్యాప్ మీది బొమ్మలన్నీ తీసేస్తాను. ఆటగాళ్లు చప్పుళ్లు విని గడిని వేలితో చూపించాలి. పాచిక ఆ తర్వాతే. కిందటిసారి ఒకాయన ఎడమ వైపు అడుగుల చప్పుడు అనగానే తడుముకోకుండా ఒక గడి చూపించి ఇరవై వేశాడు. ఆ గడిలో ఉన్నది వాళ్ల వైద్యురాలు.