కోడిపిల్ల బోధనా సామగ్రి కాదు

మా పిల్లలు బడికి వెళ్లరని, ఇంట్లోనే చదువుకుంటారని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "మరి లెక్కలు ఎవరు చెబుతారు?" తర్వాత "నలుగురితో కలవడం ఎలా వస్తుంది?" అంటారు. ఈ రెండిటికీ ఎన్నిసార్లయినా ఓపిగ్గా జవాబు చెబుతాను. నాకు ఒళ్లు మండేది ఇంకో మాటకి. మా పిల్లలు ఇంట్లో కోళ్లనీ మేకల్నీ పెంచుతూ కూడా చదువు నేర్చుకుంటారని చెప్పగానే వచ్చే మాట అది. "భలే ఐడియా అండీ, మేమూ ఈ సెలవుల్లో రెండు కోడిపిల్లలు తెచ్చి పిల్లలతో ప్రాజెక్ట్ చేయిస్తాం, సెలవులయ్యాక ఎవరికైనా ఇచ్చేస్తాం" అంటారు చూడండి, అదీ. ఎంతో మంచి మనుషులే అంటారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

జంతువుల్ని పెంచుతూ పిల్లలు ఎంతో నేర్చుకుంటారు. నా ఇంట్లో రోజూ చూస్తున్నదే. కానీ వాళ్లు నేర్చుకునేది ఆ పని నిజమైనది కాబట్టి. హోంవర్క్ చేయకపోతే ఒక మార్కు పోతుంది. నీళ్లు పెట్టడం మర్చిపోతే ఒక ప్రాణి దాహంతో అల్లాడుతుంది. ఈ తేడా ఆరేళ్ల పిల్లకి కూడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. సెలవులతో పాటే ముగిసిపోయే పెంపకంలో పిల్లలు నేర్చుకునేది మాత్రం ఇంకొకటి ఉంది: మోజు తీరాక ప్రాణిని వదిలించుకోవచ్చని.

ఇక లెక్కల సంగతి. గుడ్లు పెట్టే కోడి రోజుకి దాదాపు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఆ దాణాలో మాంసకృత్తులు సుమారు 16 శాతం ఉండాలి. మొక్కజొన్నలో ఉండేది 9 శాతం అనుకోండి, నూనె తీసిన సోయా చెక్కలో 44 శాతం. రెండూ ఏ పాళ్లలో కలపాలి? దాణా కలిపేవాళ్లు దీనికి ఒక చతురస్రం గీస్తారు. మధ్యలో 16, ఎడమ పక్క పైన 9, కింద 44. ఐమూలగా పెద్దదాంట్లోంచి చిన్నది తీసివేస్తే మొక్కజొన్నకి 28 పాళ్లు (44లోంచి 16 పోతే), సోయాకి 7 (16లోంచి 9 పోతే) వస్తాయి. అంటే నాలుగుకి ఒకటి. ఎందుకలా వస్తుందని పిల్లవాడు అడిగిన రోజున బీజగణితం మొదలైనట్టే. వాడే కాగితం తీసుకుని, నాలుగు తొమ్ములు ముప్పై ఆరు, దానికి నలభై నాలుగు కలిపితే ఎనభై, ఐదుతో భాగిస్తే పదహారు అని సరిచూసుకుంటాడు. పుస్తకంలో నిష్పత్తి అధ్యాయం తర్వాత చేయించండి, కానీ ముందు ఈ లెక్క అవసరం వాడికి తెలియాలి.

ఇక్కడితో ఆగదు. పాళ్లు సరిపోతే చాలదు, గుడ్డు పెంకుకి కాల్షియం కావాలి. అందుకే గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో అది ఎక్కువగా ఉంటుంది. అదే దాణా చిన్న కోడిపిల్లలకి పెడితే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒకరికి మేలు చేసేది ఇంకొకరికి కీడు ఎందుకవుతుందో వెతుక్కుంటూ మా అమ్మాయి శరీరశాస్త్రంలోకి దిగింది. నేను తోయలేదు.

పొదిగించడం గురించి చెబితే గానీ నా కోపం పూర్తిగా అర్థం కాదు. కోడిగుడ్డు పిల్లవడానికి 21 రోజులు. ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగించే పెట్టెలో, దాదాపు 37.5 డిగ్రీలు నిలకడగా ఉండాలి. రోజుకి చాలాసార్లు గుడ్లు తిప్పాలి, 18వ రోజు నుంచి తిప్పడం ఆపి తేమ పెంచాలి. వారం తర్వాత చీకట్లో లైటు వెలుతురుకి పెట్టి చూస్తే లోపల సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తాయి. ఏ వీడియో చూసినా రాని ఆశ్చర్యం అది. చివర్లో పెంకు చిట్లుతుంది. పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఆ సమయంలో జాలిపడి పెంకు ఒలిచేయాలని ప్రతి పిల్లకీ, ప్రతి పెద్దకీ అనిపిస్తుంది. ఒలిస్తే కోడిపిల్ల చచ్చిపోవచ్చు, ఎందుకంటే రక్తనాళాలు ఇంకా ఎండవు, పచ్చసొన పూర్తిగా కడుపులోకి వెళ్లదు. ఆ సొన ఉంది కాబట్టే పుట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. చేతులు కట్టుకుని చూస్తూ ఉండడం కూడా సాయమేనని పిల్లలకి తెలిసేది అక్కడే.

అయితే పుట్టిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే. ఇంక్యుబేటర్ కొనేటప్పుడు ఈ మాట ఎవరూ తలుచుకోరు. నాలుగు నెలలయ్యేసరికి అవి కూస్తాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పక్కింటివాళ్లకి నిద్ర ఉండదు. అప్పుడేం చేస్తారు? జవాబు లేనివాళ్లు గుడ్లు లోపల పెట్టకండి. పెట్టలదీ అదే సంగతి. మొదటి రెండేళ్లు బాగా గుడ్లు పెడతాయి, తర్వాత తగ్గిపోతాయి, కానీ ఇంకా ఎన్నో ఏళ్లు బతుకుతాయి. గుడ్డు పెట్టని కోడికి ఈ ఇంట్లో చోటుందా లేదా అని పిల్లలతో కూర్చుని, తెచ్చే ముందే, నిజాయితీగా మాట్లాడండి. మీ నిర్ణయం ఏదైనా సరే, వాళ్ల దగ్గర దాచకండి.

నాకు బాగా నచ్చే పాఠం బ్రూడర్ దగ్గర, అంటే కొత్తగా పుట్టిన కోడిపిల్లల్ని దీపం వేడితో వెచ్చగా ఉంచే చోట, ఉంటుంది. మొదటి వారం 35 డిగ్రీల వరకు వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. కానీ థర్మామీటర్ కంటే ముందు పిల్లలే చెబుతాయి. దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. అంచులకి పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. హాయిగా అంతటా పరుచుకుని ఉంటే సరిపోయింది. ఆ మాట వినడం అలవాటైన పిల్లకి పరిశీలన అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు.

గూడు కట్టడం గురించి ఒక్క ముక్క. మూల సరిగ్గా వచ్చిందా అని 3, 4, 5 కొలతలతో చూసుకోవడం (ఒక పక్క 3, ఇంకో పక్క 4 కొలిస్తే ఐమూల 5 రావాలి) పిల్లల చేతే చేయించండి. మేకు వంకర పోతే పీకి మళ్లీ కొట్టనివ్వండి. సుత్తి లాక్కుని మనమే కట్టేస్తే గూడు బాగుంటుంది, పిల్లలకి మిగిలేది ఫొటో.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1896లోనే అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ చికాగో విశ్వవిద్యాలయంలో పెట్టిన బడిలో పిల్లలు వండారు, కుట్టారు, వడ్రంగం చేశారు, వాటి చుట్టూనే సైన్సూ లెక్కలూ చదువుకున్నారు. ఆయన కూడా పనిని చదువుకి బదులుగా పెట్టలేదు. ఈ మాట మన హోమ్‌స్కూల్ తల్లిదండ్రుల్లో కొందరికి గట్టిగా చెప్పాలి. మేకల్ని కాస్తే చదవడం రాదు. ఎక్కాలు కోళ్ల గూట్లో రావు. చదవడం, రాయడం, లెక్కలు వేగంగా చేయడం, వీటికి రోజూ కాసేపు కూర్చుని సాధన చేయాల్సిందే. "జీవితమే బడి" అని చెప్పి పదేళ్ల పిల్లకి అక్షరాలు కూడబలుక్కునే స్థితి తెస్తే అది పిల్లకి చేసిన అన్యాయం. నేను ప్రాజెక్టుల పక్షమే, అందుకే చెబుతున్నాను.

జబ్బు, చావు కూడా వస్తాయి. మేకపిల్ల పుట్టిన తొలి గంటల్లో ముర్రుపాలు తాగకపోతే రోగనిరోధక శక్తి అందదు, బతకడం కష్టమవుతుంది. అలాంటప్పుడు పిల్లల్ని గదిలోకి పంపేయకండి. పక్కన ఉండనివ్వండి, ఏడవనివ్వండి, అడిగినదానికి నిజం చెప్పండి. జంతువుని మాత్రం వెంటనే పశువైద్యుడికి చూపించాలి. ఆ ఖర్చు భరించలేని వాళ్లు ఇంకొంత కాలం ఆగడం మంచిది. చేతులు సబ్బుతో కడుక్కోవడం దగ్గర నేను అసలు రాజీపడను. పైకి ఆరోగ్యంగా కనిపించే కోడి ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే, విరేచనాలూ జ్వరమూ తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి కోడిపిల్లల్ని ఇవ్వకపోవడమే మంచిది, ముద్దు పెట్టుకోనివ్వడం అసలే వద్దు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా మాట: ముందు మీ ఊళ్లో హోమ్‌స్కూలింగ్‌కీ, ఇంట్లో జంతువుల్ని పెంచడానికీ ఏ నియమాలున్నాయో కనుక్కోండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. తర్వాత పిల్లలతో గూడు కట్టించండి, దాణా లెక్క వేయించండి, అందరికీ జ్వరం వస్తే మేత ఎవరు వేస్తారో, ఊరెళ్తే ఎవరు చూస్తారో పేర్లతో రాయించండి. కోళ్లు గానీ కుందేళ్లు గానీ మేకలు గానీ ఒంటరిగా ఉండలేవు, ఒక్కదాన్నే తేవొద్దు. ఈ కాగితం పూర్తి చేయలేకపోతే, ఈ ఏడాదికి ఒక డబ్బాలో వానపాములు పెంచండి, చెత్త ఎరువుగా మారుతుంటే కొలవండి, తూచండి, రాసుకోండి. అందులోనూ కావలసినంత సైన్స్ ఉంది.