గట్టు మీది గడతో ఎకరా బరువు తేలదు

"గట్టు పక్కన మంచి చెరకు గడ ఒకటి కొట్టి తూకం వెయ్యండి. చదరపు మీటరులో ఎన్ని గడలున్నాయో లెక్కపెట్టి 4,047తో గుణించండి. ఎకరాకు ఎన్ని టన్నులో తేలిపోతుంది, అదే బయోమాస్. అంత తీరిక లేకపోతే ఎత్తు, ఆకు పచ్చదనం చూసినా చాలు." మైదుకూరు, ఖాజీపేట వైపు చెరకు రైతుల ఫోన్లలో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అంచనా తప్పినా కాటా దగ్గర సరిపోయేది. నిలువు తోటను గుత్తకిచ్చే బేరంలో ఆ కాటా ఉండదు, ఇద్దరిలో ఒకరు మునుగుతారు.

ఎకరాకు 4,047 చదరపు మీటర్లన్నది నిజమే. లెక్క చెడేది గడ దగ్గర. గట్టు వారన ఎండ, గాలి బాగా తగిలి చెరకు లావెక్కుతుంది. పైగా చెయ్యి ఎప్పుడూ నిండు గడ మీదికే పోతుంది. చదరపు మీటరుకు పది గడలుండి, కొట్టిన గడ సగటు కంటే 200 గ్రాములు ఎక్కువ తూగిందా, ఎకరా లెక్క 8 టన్నులు పైకి పోయినట్టే.

చదరపు మీటరు ఇంకా మోసం. సాళ్ల ఎడం 120 సెంటీమీటర్లయితే, మీటరు సాలుకు దక్కే నేల 1.2 చదరపు మీటర్లు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం సాలు మీద పెట్టారంటే అక్కడే 20 శాతం ఎక్కువ చూపిస్తుంది. కొలవాల్సింది సాలు పొడవు. ఆ ఎడంలో ఎకరాకు సుమారు 3,370 మీటర్ల సాలు వస్తుంది. గట్టు వదిలి నాలుగైదు సాళ్లు లోపలికి పోయి, నీళ్లు పారే మొదట్లో, నడుమ, కొసన, పలచబడ్డ చోట కూడా పదేసి మీటర్లు టేపు పరిచి, గానుగకు పనికొచ్చే గడలే లెక్కపెట్టండి. తొలి నెలల్లో కనిపించే పిలకల్లో సగం దాకా చచ్చిపోతాయి, వాటిని కలపొద్దు. తూకానికి ఏరుకోవద్దు. ప్రతి ఐదో గడ అని ముందే అనుకుని, సన్నదైనా పొట్టిదైనా అదే కొట్టాలి.

ఎత్తంటే ఆకు కొస దాకా కాదు. పైనుంచి మొదట పూర్తిగా విచ్చుకున్న ఆకు గడను పట్టుకునే చోట లేతరంగు పట్టీ ఉంటుంది, నేల నుంచి అక్కడికి కొలవాలి. పడిపోయిన తోటలో గడ వెంబడే టేపు పెట్టాలి. అయినా పొడవు ఒక్కటే చాలదు. 2.5 సెంటీమీటర్ల లావు గడ కన్నా అంతే పొడవున్న 3 సెంటీమీటర్ల గడ ఇంచుమించు 44 శాతం ఎక్కువ తూగుతుంది.

పచ్చదనమా? తోట కమ్ముకున్నాక ఫోటోలోనైనా, ఉపగ్రహ చిత్రంలోనైనా ఆకు ఒకే తీరుగా కనిపిస్తుంది. కింద గడ నెలల తరబడి బరువెక్కుతూనే ఉంటుంది.

ఇక బయోమాస్ అంటే గడ ఒక్కటే కాదు, నేల మీది పంట మొత్తం. అందులో మొవ్వు (గడ కొసన ఉండే లేత భాగం), ఆకు, ఎండు చెత్త అన్నీ చేరతాయి. పచ్చి గడలో 70 శాతం దాకా నీళ్లే కనుక బయోమాస్‌ను ఎండు బరువులో చెప్పాలి. గడ, మొవ్వు, చెత్త వేర్వేరుగా తూచి, కొంత నమూనాను ముక్కలు చేసి, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టాలి. కడప ఎండలో కొట్టిన గడ త్వరగా వాడుతుంది కాబట్టి పచ్చి తూకం తోటలోనే, నీడన, వెంటనే కానివ్వండి.