‘నాకేమీ లేదు’ గారికి ఉద్వాసన లేఖ

మహారాజశ్రీ ‘నాకేమీ లేదు’ గారికి,

ఏడేళ్లుగా మీరు నా ఆస్థాన వైద్యులు. ఫీజు అడగలేదు, సూది గుచ్చలేదు, అద్దంలో నా ముఖం చూసి రోగం లేదని తేల్చేశారు. ఆ హస్తవాసి మరెవరికీ రాదు. అలాంటి మిమ్మల్ని కొలువు నుంచి తప్పిస్తున్నాను. కారణం చెప్పకుండా పంపడం మర్యాద కాదు కనుక ఈ ఉత్తరం.

మొదటిసారి బీపీ 160/100 వచ్చినప్పుడు మెట్లెక్కి వచ్చాను కదా అన్నారు. రెండోసారి యంత్రం పాతది అన్నారు. మూడోసారి, డాక్టరును చూస్తే ఎవరికైనా పెరుగుతుంది అన్నారు. ఈ చివరి మాటలో కొంత నిజముంది. అందుకే ఇంట్లో కూడా చూసుకోమంటారు. ఆ సగం మాత్రం మీరు మింగేశారు. సరే, నాలుగు నెలలు మాత్ర వేసుకున్నాక 128/80 వచ్చింది. ‘తగ్గిపోయింది, ఇక మాత్రెందుకు?’ అన్నది తమరే. చెప్పులు తొడుక్కున్నాక ముళ్లు గుచ్చుకోవడం లేదని, చెప్పులు విసిరేయమన్నారు. విసిరేశాను.

మూత్రపిండాలతో మీ స్నేహం నాకిప్పుడు అర్థమైంది. పిడికిలంత ఉంటాయి. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల వడపోత విభాగాలు. గుండె పంపే రక్తంలో అయిదో వంతు వాటికే వెళ్తుంది. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి ఒంట్లోకి పంపి, లీటరున్నరో రెండు లీటర్లో బయటికి వదులుతాయి. ఇంత చాకిరీ చేస్తూ నోరెత్తవు. సగం శక్తి పోయేదాకా, రక్తంలో మిగిలిన వ్యర్థాన్ని కొలిచే క్రియాటినిన్ పరీక్షలో కూడా పెద్ద తేడా కనిపించకపోవచ్చు. మీలాగే అవి కూడా ‘నాకేమీ లేదు’ అనే రకం.

అసలు ప్రమాదం వాటి తెలివిలో ఉంది. ఏళ్ల తరబడి రక్తం పోటెత్తి కొడుతుంటే వాటిలోని సన్నని నాళాలు గట్టిపడి ఇరుకవుతాయి. రక్తం తక్కువగా అందుతుంది. అప్పుడు ‘నేను దెబ్బతిన్నాను’ అనుకోవాలి కదా! అనుకోవు. ‘పైన ఒత్తిడి పడిపోయింది’ అనుకుని, బీపీని పెంచే రెనిన్ అనే ఎంజైమును రక్తంలోకి వదులుతాయి. దాంతో ఒంట్లోని నాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, బీపీ ఇంకా పెరుగుతుంది. పెరిగింది వచ్చి మళ్లీ ఆ నాళాలనే బాదుతుంది. హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే అమెరికా వైద్య పరిశోధకుడు 1934లో కుక్కల మూత్రపిండ ధమనులను బిగించి చూపించింది ఇదే: దారి ఇరుకైతే బీపీ పెరిగింది. దెబ్బలు తిన్నవాడే కొట్టినవాడికి కర్ర అందిస్తున్నాడన్నమాట.

మీరు చేసిన ఒక పని మాత్రం క్షమించలేను. బీపీ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు పాడవుతాయని బెదిరించారు. మోకాలి నొప్పికి నెలల తరబడి నేను మింగిన నొప్పిమాత్రల గురించి మాత్రం పల్లెత్తు మాట అనలేదు. కిడ్నీలను దెబ్బతీయగలిగేవీ, బీపీని కూడా పెంచగలిగేవీ అవే! ఇక ఆ రెనిన్ గొలుసును మధ్యలో తెంపి, మూత్రంలో ప్రోటీన్ పోకుండా తగ్గించి, కిడ్నీలను కాపాడే బీపీ మందులు ఉన్నాయి. వాటిలో ఒక రకానికి దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక విషసర్పం. విషం కక్కినా ఆ పాము మేలు చేసింది. మీరు ఏడేళ్లు తేనె పోశారు.

నా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందట. నురగ కనబడినప్పుడు కూడా మీరు ‘నీళ్లు తక్కువ తాగావు’ అన్నారు, గుర్తుందా?

ఇది రాస్తూ బీపీ చూసుకున్నాను, 126/78. అప్పుడే గుమ్మం దగ్గర మీ దగ్గు వినిపించింది. ఏమి చెప్పడానికి వచ్చారో తెలుసు. ఈ పూట మాత్ర గొంతు దిగేదాకా తలుపు తీయను.

ఇట్లు,
మీ మాజీ ఆరోగ్యవంతుడు