మీ సైటుకు ఎవరూ రారన్న భరోసా

వెబ్‌సైట్లను తమ కంప్యూటర్లలో (అవే సర్వర్లు) ఉంచి అద్దె వసూలు చేసే షేర్డ్ హోస్టింగ్ కంపెనీలను కొందరు అన్యాయంగా తిట్టిపోస్తుంటారు. నిజానికి మనిషి అనామకత్వం మీద ఇంత గట్టి నమ్మకంతో నిలబడిన వ్యాపారం మన కాలంలో ఇంకొకటి కనబడదు. ఒకే సర్వరు మీద వందలాది వెబ్‌సైట్లను ఎక్కించి, ప్రతి ఒక్కరికీ ‘అన్‌లిమిటెడ్’ స్థలమూ ‘అన్‌లిమిటెడ్’ బ్యాండ్‌విడ్తూ (సైటు నుంచి జనానికి చేరే డేటా) రాసిచ్చేయడమంటే మాటలు కాదు. ఆ సర్వరులో ప్రాసెసర్లెన్నో, మెమరీ ఎంతో అమ్మేవాడికి అణాపైసలతో సహా తెలుసు. అయినా అతను జంకడు. మీ సైటుకు మీరూ, మీ బావమరిదీ, పేజీలు వెతికే గూగుల్ వారి ‘బాట్’ ప్రోగ్రామూ తప్ప ఎవరూ రారన్నది కూడా అతనికి తెలుసు కనుక.

ఉమ్మడి కుటుంబాలు అంతరించాయని వాపోయే పెద్దలు ఒక్కసారి ఈ సర్వర్ల వైపు చూడాలి. తొలిరోజుల్లో ఒక్కో సైటుకు సాధారణంగా ఇంటర్నెట్‌లో ఇంటి నంబరు వంటి ఐపీ చిరునామా ఒక్కోటి కావలసి వచ్చేది. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతికి 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, బ్రౌజరు తనకు ఏ సైటు కావాలో ‘హోస్ట్’ అనే వరుసలో పేరు పెట్టి అడిగి తీరాలని నిర్దేశించడంతో, ఒకే గడపలో ఎన్ని కాపురాలైనా పెట్టవచ్చునని తేలిపోయింది. పక్క వాటా వాడు రాత్రికి రాత్రి లక్ష స్పామ్ మెయిళ్లు పంపితే ఆ చిరునామా బ్లాక్‌లిస్టుకు ఎక్కుతుంది. దాంతో మీరు మీ కొనుగోలుదారుకు భక్తిశ్రద్ధలతో పంపిన రసీదు కూడా స్పామ్ ఫోల్డర్లోకే చేరుతుంది. ఇంటి పరువు ఉమ్మడిది మరి.

ఈ ఏర్పాటులో ఒక్కటే ప్రమాదం: మీ సైటుకు జనం రావడం. ఇంట్లో ఆవకాయ కలిపి అమ్ముకునే ఒక కుటుంబం సంగతి ఊహించండి. ఏడాదిలో పదకొండు నెలలు ఆ సైటు పట్ల కంపెనీకి అపారమైన ఆదరం. మే నెలలో ఎవరో ఆ జాడీల వీడియో పెట్టగానే ఒకేసారి ముప్పై మంది ‘ఆర్డర్’ మీట నొక్కుతారు. సైటు నిర్వహణ పేజీ అయిన సీప్యానెల్ తెరిస్తే ‘ఎంట్రీ ప్రాసెసెస్’ (సైటు ఒకేసారి అందుకోగల అభ్యర్థనలు) అన్న గీత 20/20 దగ్గర ఎర్రబారి ఉంటుంది. కొనడానికి వచ్చినవారికి మాగాయ బొమ్మకు బదులు ‘508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్’ (మీ వాటా అయిపోయింది) అన్న తెల్లటి పేజీ దర్శనమిస్తుంది. చాట్‌లోకి వెళ్లి అడిగితే, ముందు బ్రౌజరు దాచుకున్న పాత పేజీలను (‘క్యాష్’) చెరిపి చూడమంటారు, తర్వాత సైటుకు తగిలించిన అదనపు ప్రోగ్రాములైన ప్లగిన్లు తీసేయమంటారు, చివరికి “మీ వ్యాపారం పెరుగుతోంది సర్, అభినందనలు, వీపీఎస్‌కు మారండి” అంటారు. వీపీఎస్ అంటే సర్వరులో మీకంటూ విడిగా కేటాయించిన వాటా. పరిమితి లేనిది స్థలానికీ బ్యాండ్‌విడ్తుకూ మాత్రమేనట. ఆ స్థలానికి కూడా ఐనోడ్ల లెక్క ఒకటి ఉంటుంది: ఫైళ్లూ ఫోల్డర్లూ కలిపి కొన్నిచోట్ల 2 లక్షలో 2.5 లక్షలో దాటకూడదు. సర్వరులో దాచుకున్న ప్రతి ఉత్తరమూ చాలాచోట్ల ఒక ఫైలే కనుక, మీరు పదేళ్లుగా భద్రపరచుకున్న పండుగ శుభాకాంక్షలు కూడా ఆ ఖాతాలోనే జమ.

ఇక 99.9 శాతం అప్‌టైమ్ హామీ, అంటే అంత శాతం సమయం సైటు నడుస్తూనే ఉంటుందన్న మాట. నెలకు 43 నిమిషాలు, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు సైటు పడుకున్నా మాట తప్పినట్లు కాదు. అంతకు మించితే అద్దెలో కొంత మీ ఖాతాకు వేస్తారు, అదీ మీరు గమనించి అడిగితేనే.

నచ్చకపోతే కంపెనీ మారవచ్చు కదా అని అడిగే స్వేచ్ఛావాదులకు 2013 ఆగస్టు గుర్తుచేయాలి. అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవోలోని ఒక డేటా సెంటరులో తలెత్తిన లోపంతో బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, జస్ట్‌హోస్ట్, హోస్ట్‌మాన్‌స్టర్ ఖాతాదారుల సైట్లు ఒకేసారి మూగబోయాయి. నాలుగు కొట్లకూ అప్పట్లో యజమాని ఒక్కరే, ఎండ్యూరెన్స్ ఇంటర్నేషనల్. ఒక కొట్లో అలిగి ఇంకో కొట్లోకి మారినవారికి కూడా కంపెనీ ఆ రోజు సమాన న్యాయమే చేసింది.

మొదటి ఏడాది ధర చూసి మురిసిన ఖాతాదారు రెన్యువల్ ధర చూసి ఉలిక్కిపడటం మామూలే. అంతమాత్రాన కంపెనీకి సమయపాలన లేదనకూడదు. గడువుకు ముందు ఆ రెన్యువల్ మెయిలు తు.చ. తప్పకుండా, స్పామ్ ఫోల్డరు ముఖం చూడకుండా నేరుగా ఇన్‌బాక్సుకే వస్తుంది. దాన్ని కూడా మనమున్న ఉమ్మడి సర్వరు నుంచే పంపేంత అమాయకత్వం వారికి ఉండదు కదా.