క్యాన్సర్ ఆసుపత్రికి పిల్లల్ని చూసి రమ్మని పంపకండి, కొలిచి రమ్మని పంపండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే మాస్టార్లు, మేడమ్‌లు, ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మెడికల్ ఫిజిసిస్టులు చదవాలని ఇది రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. చాలా మంచి నిర్ణయం. కానీ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ అనగానే చాలాచోట్ల జరిగేది ఒకటే. ఇరవై మందిని ఒక పూట రేడియేషన్ విభాగానికి తీసుకెళ్తారు. లినాక్ (రేడియేషన్ చికిత్స ఇచ్చే పెద్ద మిషన్) ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. "ఇది గ్యాంట్రీ, ఇది కౌచ్" అని చూపిస్తారు. ఆ తర్వాత సీనియర్ల రికార్డు చూసి రాసి, స్పైరల్ బైండింగ్ చేయిస్తే ఎనిమిది వారాల సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఆ పిల్లలు ఒక్క అంకె కూడా తమ చేత్తో కొలిచి ఉండరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మెడికల్ ఫిజిక్సు మొత్తం కొలత మీదే నిలబడి ఉంది మరి. మన జనం "కరెంటు పెట్టడం" అనే ఆ చికిత్సలో ఎంత డోసు, ఎక్కడ అన్నది డాక్టరుగారు రాస్తారు. మిషన్ నుంచి నిజంగా అంతే వస్తోందా అని కొలిచి సంతకం పెట్టేది ఫిజిసిస్టు.

డిగ్రీ కుర్రాడు ఏం కొలవగలడు అంటారా? హెచ్‌డీఆర్ బ్రాకీథెరపీ (రేడియోధార్మిక సోర్స్‌ని ఒంటి లోపల గడ్డ దగ్గరికి పంపి ఇచ్చే చికిత్స) ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా చేయదగ్గ పని ఒకటి చెప్తాను. ఇరిడియం-192 సోర్స్ అర్ధాయువు 73.83 రోజులు. సోర్స్ మార్చిన వారంలో మొదలుపెట్టి, వారానికి ఒకసారి, వెల్ చాంబర్‌లో (సోర్స్‌ని లోపలికి దించి కొలిచే, బావి లాంటి పరికరం) అది పుట్టించే కరెంటు కొలవాలి. మొదటి రోజుతో కలిపి తొమ్మిది రీడింగులు. ఎనిమిది వారాలయ్యేసరికి రీడింగు మొదటి దానిలో 59 శాతానికి పడిపోవాలి. సెమీలాగ్ గ్రాఫ్ గీసి, వాలు నుంచి అర్ధాయువు తీసి, 73.83కి ఎంత దగ్గరగా వచ్చిందో చూడాలి. అంతే పని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి మొదట్లో పది నిమిషాలు పట్టిన అదే చికిత్స ఎనిమిది వారాల తర్వాత దాదాపు పదిహేడు నిమిషాలు ఎందుకు పడుతుందో ఆ గ్రాఫ్ చూస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

వినడానికి ఇంటర్ ప్రాక్టికల్‌లా ఉంది కదా. చేసి చూడమనండి, ఎన్ని చోట్ల జారిపోతుందో. వెల్ చాంబర్‌లో ఉండేది బయటి గాలే. గది వేడెక్కితే లోపలి గాలి పలచబడి రీడింగు తగ్గుతుంది. మొదటి వారం 24 డిగ్రీలు, చివరి వారం ఏసీ సరిగ్గా పనిచేయక 27 డిగ్రీలు ఉందనుకోండి. సవరణ వేయకపోతే చివరి రీడింగు 1 శాతం తక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క శాతానికే అర్ధాయువు దాదాపు 73.1 రోజులని వస్తుంది. మధ్యలో అంతా సవ్యంగా ఉన్నా, చివరి పాయింటు గీతని లాగేస్తుంది. కాబట్టి చాంబర్‌ని బీరువాలోంచి తీసిన వెంటనే కొలవకూడదు. కొన్ని గంటల ముందే గదిలో పెట్టి ఉంచాలి. గోడలకి కనీసం ఒక మీటరు దూరంగా, నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టాలి. లేదంటే గోడ నుంచి చెదిరి వచ్చే రేడియేషన్ కూడా లెక్కలోకి వస్తుంది. సోర్స్‌ని 5 మిల్లీమీటర్ల చొప్పున జరిపి, రీడింగు ఎక్కడ గరిష్ఠమో చూసుకుని, ప్రతి వారం అక్కడే ఐదు రీడింగులు తీసుకోవాలి. తేదీతో పాటు టైమ్ కూడా రాయాలి. ఈ సోర్స్ రోజుకి 0.93 శాతం తగ్గుతుంది, ఒక వారం పొద్దున, ఇంకో వారం సాయంత్రం కొలిచి తేదీ ఒక్కటే వేస్తే అర శాతం దాకా తేడా అక్కడే వస్తుంది.

ఉష్ణోగ్రత, పీడనం సవరణ తేలికే. 273.15కి గది ఉష్ణోగ్రత కలిపి 293.15తో భాగించి, 1013.25ని ఆనాటి పీడనంతో (హెక్టోపాస్కల్స్‌లో) భాగించిన విలువతో గుణించడం. కానీ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చదవకుండా ఇది వేయకండి. కొన్నింటిలో రిఫరెన్స్ 20 డిగ్రీలు, కొన్నింటిలో 22. అర్ధాయువుకి దీంతో తేడా రాదు, సోర్స్ బలం లెక్కకి మాత్రం 0.7 శాతం వస్తుంది. పీడనం ఫోన్‌లో వాతావరణం యాప్ చూసి వేసేవాళ్లూ ఉన్నారు. యాప్ ఇచ్చేది సముద్ర మట్టానికి మార్చిన విలువ. విజయవాడ సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు కాబట్టి ఇక్కడ ఆ తప్పు బయటపడదు. అదే అలవాటుతో బెంగళూరు వెళ్లి కొలిస్తే పది శాతం పోతుంది.

మన ఎండలకి సరిపోయే సంగతి ఇంకొకటి. లినాక్ డోసుని నీళ్ల ఫాంటమ్‌లో (మనిషి ఒంటికి బదులుగా పెట్టే నీళ్ల తొట్టి) కొలుస్తారు. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 32 డిగ్రీల నీళ్లు అప్పటికప్పుడు పట్టి, ఏసీ గదిలో గోడకున్న థర్మామీటరు చూపించిన 22 వేశారనుకోండి. డోసు 3.3 శాతం తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. నెలవారీ పరీక్షలో అనుమతించే తేడానే 2 శాతం. తక్కువ వస్తోంది కదా అని మిషన్‌ని సర్దితే, మర్నాటి నుంచి ప్రతి పేషెంటుకీ 3.4 శాతం ఎక్కువ పడుతుంది. నీళ్లు ముందురోజు సాయంత్రమే పట్టి ఉంచాలి, థర్మామీటరు నీళ్లలో, చాంబర్ పక్కనే ఉండాలి. ఈ ఒక్క విషయాన్ని కొలతలతో నిరూపించి చూపించడం కూడా డిగ్రీ పిల్లలకి పూర్తిస్థాయి ప్రాజెక్టే.

"రేడియేషన్ దగ్గరికి మా అమ్మాయిని ఎలా పంపిస్తామండీ" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయాన్ని తీసిపారేయొద్దు, కూర్చోబెట్టి చెప్పండి. 6 ఎంవీ (మెగావోల్టుల) లినాక్‌లో బీమ్ ఆఫ్ అయితే రేడియేషన్ లేదు. కోబాల్ట్, ఇరిడియం సోర్సులు అలా కావు, అవి ఎప్పుడూ రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి, అందుకే వాటిని కవచంలో పెడతారు. పై కొలతల్లో సోర్స్ బయటికి వచ్చినప్పుడు గదిలో ఎవరూ ఉండరు. మిషన్ నడిపేది ఫిజిసిస్టు, విద్యార్థి కన్సోల్ దగ్గర కూర్చుని రీడింగు రాసుకుంటుంది. సాధారణ ప్రజలకి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. పని ఇలా పెట్టుకుంటే ఆ పరిమితి జోలికి పోనక్కర్లేదు. మొదటి రోజే ఆసుపత్రి రేడియేషన్ భద్రతాధికారి (ఆర్ఎస్ఓ) చేత గంటసేపు సేఫ్టీ క్లాసు చెప్పించాలి. పద్దెనిమిది నిండని వాళ్లని తీసుకోవద్దు.

ఇప్పుడు అందరూ అడిగేది "క్యాన్సర్ మీద ఏఐ ప్రాజెక్టు". ఎనిమిది వారాల్లో, ముప్ఫై మంది పేషెంట్ల స్కాన్లతో. వద్దని చెప్పడం మాస్టారి బాధ్యత. స్కాన్ ముక్కల్ని కలిపేసి, సగం నేర్పడానికి, సగం పరీక్షకి తీస్తారు. ఒకే మనిషి తాలూకు పక్కపక్క ముక్కలు రెండు వైపులా పడతాయి. 98 శాతం కరెక్టని వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అది గుర్తుపట్టింది జబ్బుని కాదు, మనిషిని. విడదీసేటప్పుడు పేషెంటు వారీగా విడదీస్తే ఆ 98 నిలవదు.

పైగా పేషెంటు డేటా ముట్టుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దీని మీద స్పష్టంగా ఉన్నాయి. పేరు తీసేస్తే చాలనుకోకండి. డైకామ్ ఫైలులో (స్కాన్లు దాచే ఫైలు రకం) పేరు, ఐడీ, పుట్టిన తేదీతో పాటు ఫైలు పేరులో, ప్లాన్ లేబుల్‌లో, ఒక్కోసారి బొమ్మ మీదే పేరు అచ్చై ఉంటుంది. యూఐడీలు (ఫైళ్లని ఒకదానితో ఒకటి ముడిపెట్టే గుర్తింపు నంబర్లు) మార్చేటప్పుడు సీటీలో ఒకలా, గడ్డ చుట్టూ గీసిన గీతలుండే స్ట్రక్చర్ ఫైలులో ఇంకోలా మార్చారా, గీసిన గీతలు ఏ స్కాన్‌వో తెలియకుండా పోతాయి. ఈ పని ఆసుపత్రి లోపలే, ఆసుపత్రి మనుషులే చేయాలి. అసలు పేర్ల పట్టిక గడప దాటకూడదు. పెన్‌డ్రైవ్ ఊసే వద్దు. డిగ్రీ పిల్లలకి డేటానే కావాలంటే టీసీఐఏ (ది క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్) వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో పెట్టిన స్కాన్లు ఉన్నాయి, చికిత్స ప్లానింగ్ నేర్చుకోవడానికి మ్యాట్‌రాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఆసుపత్రి ఫిజిసిస్టులకి తీరిక ఉండదు, నిజం. పొద్దున పేషెంట్లు రాకముందు డైలీ క్యూఏ (మిషన్ సరిగ్గా ఉందా అని రోజూ చేసే పరీక్ష), రోజంతా ప్లాన్లు, చివరి పేషెంటు వెళ్లాక ఆ ప్లాన్లని మిషన్ మీద సరిచూసే పేషెంట్ క్యూఏ. అందుకే ఇరవై మందిని పంపకండి, ఇద్దర్ని పంపండి. వాళ్లు వెళ్తూనే ఆసుపత్రికి పనికొచ్చేది ఒకటి చేసి పెట్టాలి. ఏడాదిపాటు నింపిన డైలీ క్యూఏ రిజిస్టర్లు ప్రతి విభాగంలోనూ ఉంటాయి, వాటిని గ్రాఫ్ వేసి చూసే వ్యవధి చాలాసార్లు ఎవరికీ దొరకదు. అందులో పేషెంటు వివరాలేమీ ఉండవు. ఆ అంకెల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఒక రోజుకీ మర్నాటికీ మధ్య తేడాల సగటు (ప్లస్, మైనస్ గుర్తులు వదిలేసి) తీసి, దాన్ని 2.66తో గుణించి, సగటు రీడింగుకి అంత దూరంలో పైనా కిందా గీతలు గీస్తే కంట్రోల్ చార్ట్ తయారు. రోజువారీ పరీక్షలో అనుమతించే 3 శాతం హద్దు దాటకముందే మిషన్ ఒక వైపు జరుగుతోందా అన్నది అందులో కనపడుతుంది. పిక్కెట్ ఫెన్స్ బొమ్మల్ని (లినాక్‌లో బీమ్‌కి ఆకారమిచ్చే పలకలు సరైన చోట నిలుస్తున్నాయా అని చూసే పరీక్ష) పైలినాక్ అనే ఉచిత పైథాన్ ప్రోగ్రామ్‌తో చూడటం కంప్యూటర్ సైన్సు కూడా చదివే పిల్లలకి రెండు వారాల పని. ఇలాంటివి చేసిపెడితే ఫిజిసిస్టుగారు వారానికి ఒక గంట సంతోషంగా ఇస్తారు.

కాలేజీ చేయాల్సింది కూడా ఉంది. బస్ చార్జీ, మధ్యాహ్నం భోజనం ఇవ్వండి. కొలతలు సాయంత్రం పేషెంట్లు అయ్యాకే కుదురుతాయి కాబట్టి, గుంటూరు నుంచి వచ్చే ఆడపిల్లలు రాత్రి తిరిగి ఎలా వెళ్తారో ముందే చూసుకోవాలి. చాలా ఇంటర్న్‌షిప్‌లు ఫిజిక్సు రాక ఆగవు, ఇక్కడ ఆగుతాయి.

కోర్సుల గురించి రెండు మాటలు. బీఎస్సీతో ఫిజిసిస్టు కాలేరు. ఎమ్మెస్సీ ఫిజిక్సు తర్వాత బీఏఆర్‌సీలో ఏడాది డిప్లొమా లాంటిది, లేదా మెడికల్ ఫిజిక్సులో ఎమ్మెస్సీ, ఆ పైన ఏడాది ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ కావాలి. రేడియోథెరపీ టెక్నాలజీ బీఎస్సీ వేరే దారి, అది మిషన్ మీద చికిత్స ఇచ్చే టెక్నాలజిస్టుల చదువు. ఈ రెండూ ఒకటే అనుకుని చేరి తర్వాత ఏడ్చే పిల్లలున్నారు.

గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో (జీజీహెచ్) నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, విజయవాడలో ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. బస్సెక్కితే గంటలో చేరే దూరాలు. ఉత్తరం రాసేటప్పుడు "మా విద్యార్థులకు అవకాశం ఇవ్వగలరు" అని ఊరుకోకండి. ఏ ప్రశ్న, ఎన్ని రీడింగులు, వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది ఒక పేజీలో రాయండి. ఇరిడియం పని అయితే ముందు ఫోన్ చేసి సోర్స్ ఎప్పుడు మారుస్తున్నారో కనుక్కోండి. మూడు నెలలకో, అటూ ఇటూగానో కొత్తది వస్తుంది. వేసవి సెలవులని మే 1న మొదలుపెట్టి, జూన్ మొదట్లో సోర్స్ మారిపోతే గీత మధ్యలో తెగుతుంది. మీ టైమ్‌టేబుల్‌ని ఆ తేదీకి సర్దుకోండి.