కుడి లోపలి చెవి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి లోపలి చెవి గారి దివ్య సముఖమునకు,

ఉత్తరమన్నాక ‘మీరు క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టడం మర్యాద. తమరు క్షేమంగా లేరని డాక్టరు గారు పరీక్ష చేసి మరీ తేల్చారు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. ఇక్కడ నేనూ అంతంత మాత్రమే. అక్షరాలు గట్టెక్కి దిగుతున్నట్టు కనిపిస్తే నా దస్తూరీని అనొద్దు, కాగితం ఒక్కచోట ఉండటం లేదు.

తమరి కొలువు వైభవం గురించి ఈ మధ్యే చదివాను. మకాం కోసం ఒంట్లోని అతి గట్టి ఎముకల్లో ఒకదాన్ని ఏరికోరి ఎంచుకున్నారట. లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటినిండా ద్రవం. పక్కనే రెండు సంచులు, వాటిలో జిగురు పొర మీద పరిచిన కాల్షియం కార్బొనేట్ పలుకులు. తల తిప్పగానే ద్రవం ఓ క్షణం వెనకబడుతుంది, సన్నటి కేశాలున్న కణాలు ఒరుగుతాయి, నాడి ఆ కబురు మెదడుకి మోస్తుంది. తల కదలనప్పుడు కూడా తమరూ ఎడమ చెవి గారూ సరిసమానంగా కబుర్లు పంపుతూనే ఉండాలి. ఆ రెండూ సరిపోలితేనే మెదడు ‘తల నిలకడగా ఉంది’ అని రాసుకుంటుంది. ఇంతే కదా డ్యూటీ!

జలుబు అందరికీ వస్తుంది. ముక్కు కారింది, తుమ్మింది, ఊరుకుంది. దానికున్న హుందాతనం తమరికేదీ? తమరి నాడికి వాపొచ్చింది, చెప్పాపెట్టకుండా కబుర్లు ఆగిపోయాయి. ఎడమ చెవి పాపం రోజూలాగే తన చిట్టా పంపింది. రెండో చిట్టా ఖాళీగా ఉండేసరికి, తల ఎడమవైపుకి గిరగిరా తిరుగుతోందని మెదడు తీర్మానించేసింది. నేనేమో దిండుకి అతుక్కుని పడుకుని ఉన్నాను.

ఆ పూట గది తలుపుని చాలాసేపు చూశాను, చూడటానికి ఇంకేమీ కుదరక. గుమ్మం ఎడమకి జారుతుంది, ఠక్కున మొదటికొస్తుంది, మళ్ళీ జారుతుంది. ఎంత జారినా వెళ్ళిపోదు, ఎంత వెనక్కొచ్చినా నిలబడదు. నా కళ్ళే అలా ఎగిరెగిరి పడుతున్నాయని తర్వాత తెలిసింది. పోనీ కళ్ళు మూసుకుందామా అంటే ఇంకా అన్యాయం. ఈ గొడవతో ఏ సంబంధమూ లేని కడుపు కూడా మధ్యలో దూరి, తాగిన మంచినీళ్ళు సైతం వాపసు చేసింది. గోడ పట్టుకుని నడిస్తే తమరి వైపుకే ఒరుగుతాను. ఇంత చేసినవాళ్ళ వైపే ఒరగడమేమిటో!

పరామర్శకి వచ్చినవాళ్ళది మరో ప్రహసనం. ఒకరు బీపీ అన్నారు, ఒకరు నీరసమన్నారు, ఒకరు నా మొహం మీదే ఫోన్ ఊపుతూ ఫోన్ తగ్గించమన్నారు. తమరి పేరు ఒక్కరి నోటా రాలేదు. తప్పు చేసినా నింద పడకపోవడమంటే మామూలు పలుకుబడి కాదు.

డాక్టరు గారు మాత్రం మొహమాటపడలేదు. ముందు అడిగినవన్నీ మెదడు గురించే: ఒకటి రెండుగా కనిపిస్తోందా, మాట ముద్దగా వస్తోందా, చెయ్యో కాలో లాగేస్తోందా, ఎన్నడూ లేని తలనొప్పి ఉందా అని. పక్షవాతం కూడా ఒక్కోసారి తమరి వేషంలోనే వస్తుందట, అలాంటివి ఉంటే ఆలస్యం చెయ్యకూడదట. తర్వాత ‘నా ముక్కు చూస్తూ ఉండండి’ అని నా తల పట్టుకుని చటుక్కున కుడికి తిప్పారు. చూపు జారిపోయి, మళ్ళీ వెతుక్కుంటూ వచ్చింది. తమరు దొరికిపోయారు. వినికిడి బాగానే ఉంది కాబట్టి దీని పేరు వెస్టిబ్యులార్ న్యూరైటిస్, అంటే ఒంటి నిలకడ చూసే నాడికి వాపు అట. వినికిడి కూడా దెబ్బతింటే లాబిరింథైటిస్ అనేవారట. ఇది చాలావరకు వైరస్ పనేనని అనుకుంటారట కనక యాంటీబయాటిక్ దండగ.

తమరి జోలికెళ్ళినవాళ్ళ జాతకాలు కూడా చిత్రమే. చెవిలో వేడినీళ్ళూ చన్నీళ్ళూ పోసి తమరి గుట్టు రాబట్టిన వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి దక్కింది. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ.

మాత్రలిచ్చారు. హాయిగా మత్తుగా ఉంది. రెండు మూడు రోజులయ్యాక చాలన్నారు. మెదడుని మత్తులో ఉంచితే అది కొత్త లెక్క నేర్చుకోదట. మరి మందేమిటంటే, ఏం చేస్తే కళ్ళు తిరుగుతాయో అదే చెయ్యడం! చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, చూపు గోరు మీదే ఉంచి, తల అటూ ఇటూ తిప్పాలి. మొదట్లో గోరు పొగలా చెదిరిపోయేది. ఇప్పుడు దాని అంచున చీలిన చర్మం కూడా కనిపిస్తోంది. ఆ తర్వాత తల తిప్పుతూ నడవాలి. నన్ను ఎవరైనా వీధిలో చూస్తే రెండువైపులా అప్పులవాళ్ళున్నారనుకుంటారు.

కాబట్టి తమరికి మనవి చేసేదేమంటే, మెదడు తమరి ఖాళీని తక్కిన సిబ్బందితో సర్దేస్తోంది. కళ్ళు, పాదాలు, మెడ ఓవర్‌టైమ్ చేస్తున్నాయి. చీకట్లోనూ, సబ్బు నురగకి కళ్ళు మూసుకున్నప్పుడూ మాత్రం తమరి కొరత తెలుస్తూనే ఉంది, ఆ మాట దాచను. తమరు పూర్తిగా కోలుకోవచ్చు, కోలుకోకనూ పోవచ్చునట. కోలుకునే ఉద్దేశముంటే ఒక్కటే విన్నపం: ఉన్నట్టుండి పూర్తి హాజరు వేయించుకోకండి. ఇప్పుడే కుదిరిన లెక్కలోకి తమరు హడావుడిగా దిగితే మెదడు తికమకపడి, ఈసారి నన్ను రెండోవైపుకి తిప్పే ప్రమాదం ఉందట.

ఇట్లు,
తమరిని మోస్తున్న తల